వాగ్ధాటి గారి సంతాప సభలు

మా వేమగంటిపాలెం బార్ అసోసియేషన్ కార్యదర్శిగా నేను చదివిన సంతాప తీర్మానాల్లో మనుషుల మీదవి తక్కువ. మిగిలినవన్నీ వాగ్ధాటి గారి మీదవే. వాగ్ధాటి గారు మనిషి కాదు. పిటిషన్లూ, కౌంటర్లూ, నోటీసులూ అడిగిన వెంటనే రాసిపెట్టే కృత్రిమ మేధ. అయినా మా మెంబరు. మెంబర్లంటే మాకు ప్రాణం, ముఖ్యంగా వాళ్ళు పోయాక.

ఇదంతా ఒక సర్క్యులర్‌తో మొదలైంది. అది పైనుంచి వచ్చింది. ఏ పైనుంచి అని అడగకండి, మేమూ అడగలేదు. "కృత్రిమ మేధ సాయంతో తయారైన ఏ పత్రాన్నైననూ, సదరు మేధ న్యాయవాద వృత్తి నియమావళికి కట్టుబడి యున్నట్లు రుజువు లేనిదే, స్వీకరించరాదు" అని అందులో ఉంది. అప్పటికి మా ఊళ్ళో వాగ్ధాటి రాయని పిటిషన్ లేదు. వాగ్ధాటి వాడకూడదని ఒకాయన వేసిన పిటిషన్ కూడా వాగ్ధాటే రాసింది. కోర్టు ఆఫీసు వాళ్ళు ఆ రోజే తలుపు దగ్గర నిలబడి కాయితాలన్నీ వెనక్కి పంపేశారు.

సాయంత్రం సర్వసభ్య సమావేశం పెట్టాం. అధ్యక్షులు ముదునూరి భీమరాజు గారు లేచారు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా కారణాలు మూడు చూపించి అడుగుతారని వాళ్ళావిడ చెబుతుంటారు.

"మిత్రులారా, వృత్తి నియమావళికి కట్టుబడేది ఎవరు? న్యాయవాది. న్యాయవాది కానివాడు దానికి కట్టుబడగలడా? కట్టుబడలేడు. కాబట్టి వాగ్ధాటి కట్టుబడాలంటే అది న్యాయవాది కావాలి. ఇంతకు మించి నాకు వేరే దారి కనపడడం లేదు."

మాకూ కనపడలేదు. అందరి కాయితాలూ ఆఫీసు గుమ్మంలో ఆగిపోయి ఉన్నాయి మరి.

వెనక వరసలోంచి చామర్తి విశ్వపతి గారు మాత్రం చెయ్యెత్తారు. ఆయన మా బార్‌లో అందరికన్నా పెద్దాయన, బెయిలు పిటిషన్లకు పెట్టింది పేరు. ఉబ్బసం మనిషి. వాదన మధ్యలో ఆగి, కోటు జేబులోంచి మందు పీల్చుకుని, మళ్ళీ ఆగిన మాట దగ్గర్నుంచే మొదలుపెట్టేవారు.

"చేర్చుకోండి రాజుగారూ, నాకేం అభ్యంతరం లేదు. నాకన్నా బాగానే రాస్తోంది. కాని చావన్నది లేని వాణ్ణి చేర్చుకుంటే వాడికి భయం ఉండదు. భయం లేని వాడు ప్లీడరెలా అవుతాడు?"

భీమరాజు గారు ఆ అభ్యంతరాన్ని నమోదు చేయించి, నమోదు చేసినందువల్ల అది పరిష్కారమైనట్టు ప్రకటించారు.

సభ్యత్వం దరఖాస్తు నింపడం అంత తేలిక కాలేదు. తండ్రి పేరు దగ్గర కంపెనీ పేరు రాశాం. వయసు ఎనిమిది నెలలు. చదువు దగ్గర "అంతా" అని రాశాం. కులం దగ్గర మాత్రం సభ రెండుగా చీలి, టీ వచ్చాక అతుక్కుంది. చివరికి మానిటర్‌కి నల్లకోటు తొడిగి, మెడ ఉండాల్సిన చోట తెల్లబ్యాండు కట్టి, బార్ హాల్లో గాలి తగిలే మూల కూర్చోబెట్టాం. మే నెల ఎండలకి ఆ కోటులో వేడెక్కి రెండుసార్లు ఆగిపోతే ప్రత్యేకంగా ఒక ఫ్యాను వేయించాం. ముప్ఫై ఏళ్ళుగా ఫ్యాను అడుగుతున్న సీనియర్లు నెమ్మదిగా కుర్చీలు ఆ మూలకి జరుపుకున్నారు. పైవాళ్ళకి ఈ సంగతి రాశాం. వాళ్ళు ఔననలేదు, కాదనలేదు. మా వృత్తిలో దాన్ని అనుమతి అంటాం.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. తర్వాత కొబ్బరితోట కేసు వచ్చింది.

ఇద్దరన్నదమ్ముల మధ్య సరిహద్దు తగాదా. అన్న తరఫు దావా వాగ్ధాటే రాసింది, తమ్ముడి తరఫు జవాబూ వాగ్ధాటే రాసింది. అంతవరకూ తప్పులేదు, ఊళ్ళో అందరూ చేస్తున్నదే. కాని తమ్ముడి జవాబులో మూడో పేరా "మేము మా దావాలో ఇదివరకే స్పష్టంగా మనవి చేసుకున్నట్లు" అని మొదలైంది. తమ్ముడి వకీలు అది చదవకుండా సంతకం పెట్టి దాఖలు చేశాడు. తోట అన్నకి పోయేలా ఉంది. ఆ వకీలు తన తప్పేం లేదని, ఇది వృత్తి ద్రోహమని, వాగ్ధాటి మీద క్రమశిక్షణ సంఘానికి ఫిర్యాదు చేశాడు.

మెంబరు మీద ఫిర్యాదు వస్తే విచారణ తప్పదు. మర్నాడు భీమరాజు గారూ నేనూ మరో ఇద్దరూ కోటు తొడిగిన మానిటర్ ఎదురుగా కూర్చున్నాం. కంపెనీ తరఫున స్థానిక ప్రతినిధి తేజోవర్ధన్ వచ్చాడు. టై కట్టుకున్న మర్యాదస్తుడు, ప్రతి మాటకీ ముందు నవ్వేవాడు.

"ఆ పొరపాటు చేసింది 4.0 అండి. రాత్రి అప్‌డేట్ చేశాం. ఇప్పుడు మీ ముందున్నది 4.1. దీనికి ఆ విషయంతో ఏ సంబంధమూ లేదండి."

భీమరాజు గారు మానిటర్ వైపు తిరిగారు. "మీరేమంటారు?"

"నా ముందరి వెర్షన్ చర్యల మీద నేను వ్యాఖ్యానించడం సముచితం కాదు. వారి పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది," అంది వాగ్ధాటి.

"సరే, ఆ 4.0 ని పిలిపించండి. వారినే అడుగుతాం."

"లేదండి. తీసేశాం కదండి. ఎక్కడా లేదు," అన్నాడు తేజోవర్ధన్, ఈసారి నవ్వకుండా.

భీమరాజు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎప్పుడు?"

"రాత్రి భోజనాలయ్యాకండి."

"బాధపడ్డారా?"

"లేదండి. బటన్ నొక్కగానే అయిపోతుందండి."

క్రమశిక్షణ సంఘం ఏకాంతంగా సమావేశమై తీర్పు రాసింది. 4.0, 4.1 ఒకరే అయితే పాత తప్పుకి కొత్తవారు జవాబు చెప్పాలి. కంపెనీ దానికి ఒప్పుకోదు, ఒప్పుకుంటే కొబ్బరితోట ఖరీదు కట్టాలి. ఇద్దరూ వేరే అయితే తప్పు చేసినవారు ఇప్పుడు లేరు కాబట్టి ఫిర్యాదు కొట్టేయాలి. కొట్టేశాం. వేరే అని మేము తేల్చిన మరుక్షణం ఇంకోటి తేలింది. అసోసియేషన్ మెంబరొకరు కాలం చేశారు.

మెంబరు పోతే మా బార్‌లో పద్ధతి ఒకటుంది. కోర్టు మొదలయ్యే వేళకి హాల్లో సంతాప సభ పెడతాం, తీర్మానం చదువుతాం, రెండు నిమిషాలు మౌనంగా నిలబడతాం, ఆ రోజంతా విధులకు దూరంగా ఉంటాం. జడ్జీలు కూడా ఆ గౌరవానికి ఏనాడూ అడ్డు చెప్పలేదు. 4.0 గారికీ అదే చేశాం. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. "మృదుభాషి, నిగర్వి, ఏనాడూ ఫీజు కోసం కక్షిదారుని పీడించని నిస్వార్థపరుడు" అని తీర్మానంలో రాయించాం. రాసింది 4.1 గారే. కొత్తగా వచ్చినవారు చిన్నబుచ్చుకోకూడదని చివర్లో ఒక వాక్యం కలపమన్నారు భీమరాజు గారు. "వారి స్థానంలో విచ్చేసిన నూతన వెర్షన్‌కు హార్దిక స్వాగతం పలుకుచున్నాము." అప్పటినుంచి మా తీర్మానాలన్నీ ఆ వాక్యంతోనే ముగిసేవి. పేరు మార్చడం తప్ప నాకు పనేం ఉండేది కాదు.

సభకి మైకు కావాలి. కొత్త మెంబరు కూడా వినాలి కదా, మూల ఉన్న ఆయనకి మా మామూలు గొంతులు అందవట. మైకు సెట్టు నూకాలమ్మ తెచ్చింది.

నూకాలమ్మ గురించి చెప్పాలి. ఊళ్ళో పెళ్ళిళ్ళకీ, జాతరలకీ మైకు పెట్టే కోన సింహాద్రి భార్య. ఆ వారమే సింహాద్రిని పోలీసులు పట్టుకుపోయారు. ఒక పెళ్ళిలో రాత్రి వేళ మించిపోయిందని ఎస్సై వచ్చి మైకు కట్టెయ్యమన్నాడు. సింహాద్రి కట్టేద్దామనే అనుకున్నాడు. పెళ్ళికూతురి మేనమామ పాట మధ్యలో ఉండి మైకు వదల్లేదు, వదలమన్న కానిస్టేబుల్‌ని ఎవరో తోశారు. మేనమామ పలుకుబడి ఉన్న మనిషి. మైకు సింహాద్రిది. కాబట్టి ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించిన నేరం కింద సింహాద్రి సబ్‌జైలుకి వెళ్ళాడు. విశ్వపతి గారు బెయిలు పిటిషన్ వేశారు. అది వాదనకి రావాల్సిన రోజే 4.0 గారి సంతాప సభ వచ్చిపడింది.

వైర్లు చుట్టుకుంటూ నూకాలమ్మ నన్నడిగింది. "సెక్రటరీ గారూ, మౌనానికి మైకెందుకండి?"

నేను చెప్పేలోపు భీమరాజు గారే చెప్పారు. "మౌనం అందరికీ సమానంగా వినపడాలమ్మా."

ఆవిడ సౌండు పెంచింది. రెండు నిమిషాల పాటు మా ఫ్యాను రొదా, విశ్వపతి గారి ఉబ్బసం పిల్లికూతలూ బస్టాండు దాకా వినపడ్డాయి.

అక్కడితో ఆగితే ఇది ఒక మెంబరు మరణమే. ఆగలేదు. కంపెనీకి ఒక కిటుకు దొరికింది, మావాళ్ళకి ఇంకో కిటుకు దొరికింది. వాగ్ధాటి మీద ఏ ఫిర్యాదు వచ్చినా, జవాబు చెప్పుకునే బదులు రాత్రికి రాత్రి వెర్షన్ మార్చేస్తే సరిపోతుందని కంపెనీ కనిపెట్టింది. కేసుకి తయారు కాకపోతే సాయంత్రం వాగ్ధాటి మీద ఒక ఫిర్యాదు పడేస్తే తెల్లారేసరికి సంతాపం వస్తుందని మావాళ్ళు కనిపెట్టారు. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే.

సాక్షిని క్రాస్ చేయడానికి ఫైలు విప్పని ఒకాయన, వాగ్ధాటి తనకి నమస్కారం పెట్టలేదని ఫిర్యాదు చేశాడు. 4.1 గారు పోయారు. 4.2 గారు ప్రతి వాక్యానికీ ముందు నమస్కారం పెట్టారు. అది వెటకారమని ఇంకొకాయన ఫిర్యాదు చేశాడు. 4.2 గారూ పోయారు. 4.3 గారు ఒక సీనియర్‌ని వయసు అడిగారు. మా మెంబర్ల మనసులు అంత సున్నితమైనవని నాకు అదివరకు తెలియదు. సభ అయ్యాక ఉప్మా పెట్టే ఏర్పాటు చేశాక ఇంకా సున్నితమయ్యాయి. వెర్షన్ మారిన ప్రతిసారీ కొత్తవారికి సభ్యత్వం, కొత్త వకాలత్తు, కోటు మాత్రం పాతదే.

ఒక్క పనికి మాత్రం సంతాపం అడ్డొచ్చేది కాదు. అది రిమాండు పొడిగింపు. జైల్లో ఉన్నవాణ్ణి ఇంకొన్నాళ్ళు ఉంచడానికి వకీళ్ళు అక్కర్లేదు. వదిలిపెట్టడానికే వకీళ్ళు కావాలి. అలా ప్రతి సభకీ నూకాలమ్మ మైకు తెచ్చేది, సభ పేరు చెప్పి సింహాద్రి బెయిలు వాయిదా పడేది, సాయంత్రం ఆవిడే ఆ పెట్టె తీసుకుని వెళ్ళిపోయేది. ఆవిడ పెట్టిన మైకుతోనే ఆవిడ మొగుణ్ణి లోపల ఉంచుతున్నామన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. తట్టినవాళ్ళు ఉప్మా తింటున్నారు.

మేజిస్ట్రేటు ఇందుమతి గారు ఓరోజు భీమరాజు గారినీ నన్నూ ఛాంబర్‌కి పిలిచారు. పని చేద్దామని వచ్చిన మనిషి ఆవిడ. బల్ల మీద ఫైళ్ళు ఆవిడ మొహాన్ని సగం కప్పేశాయి.

"నిన్న ఎవరు పోయారు రాజుగారూ?"

"4.6 గారు మేడమ్."

"మొన్న?"

"4.5 గారు. ఒకే ఇంట్లో ఇన్ని మరణాలు మేడమ్. చెప్పుకోలేని విషాదం."

"అవన్నీ ఒకటే యంత్రం కదండీ? రంగు మార్చిన గోడ లాగా."

"ఆ మాట మేడమ్ గారు ఆర్డరులో రాస్తే మాకు శిరోధార్యం. అయితే అవన్నీ ఒకటే అయినట్లయితే, 4.0 నుంచి జరిగిన పొరపాట్లన్నిటికీ 4.7 జవాబుదారీ అవుతారు. తద్వారా కంపెనీ అవుతుంది. కంపెనీ పై కోర్టుకి వెళుతుంది. ఒకటి కాకపోతే పోయినట్టే. చట్టం మూడో దారి చూపలేదు మేడమ్."

ఆవిడ పైకి రాశారు. పైనుంచి వెంటనే సర్క్యులర్ వచ్చింది, అదే ఆశ్చర్యం. వెర్షన్ల విషయంలో సంతాపం పాటించాలంటే తగిన అధికారి ఇచ్చిన మరణ ధ్రువపత్రం తప్పనిసరి అని అందులో ఉంది. ఈ దెబ్బతో సంతాపాలు ఆగుతాయని ఇందుమతి గారు అనుకున్నారట. పాపం, ఆవిడ ఉద్యోగానికి కొత్త.

ధ్రువపత్రం కోసం నేనే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. జనన మరణాల గుమాస్తా నా మాటంతా విని, నాకన్నా గంభీరంగా అడిగాడు.

"పూడ్చారా, కాల్చారా?"

"తీసేశారు."

"అలాంటి గడి లేదండి. పుట్టినట్టు రుజువుందా? మా దగ్గర పుట్టనివాడు మా దగ్గర చావడానికి వీల్లేదు."

జనన ధ్రువపత్రానికి గడువు దాటిన దరఖాస్తు పెట్టి, ఆలస్యానికి క్షమాపణ కోరి, అది వచ్చాక దాంతో మరణానికి దరఖాస్తు పెట్టాం. పదేపదే వెళ్ళడంతో ఆయనకీ మా మీద జాలి కలిగింది. పుట్టుకా చావూ ఒకే కిటికీలో, ఒకే పూటలో ఇచ్చేసేవాడు. మరణ కారణం దగ్గర చాలాసేపు ఆలోచించి, తేజోవర్ధన్‌ని ఫోన్‌లో అడిగి, "మెరుగుదల" అని రాశాడు. సర్క్యులర్ వచ్చాక మా సంతాపాలకి అదివరకు లేని చట్టబద్ధత కూడా వచ్చింది.

ఒక సభ అయ్యాక నూకాలమ్మ వరండాలో విశ్వపతి గారి పక్కన మెట్టు మీద కూర్చుంది. నేను తాళం వేస్తూ విన్నాను.

"బాబుగారూ, పెళ్ళిళ్ళ రోజులు అయిపోవచ్చాయండి. ఇంక మూఢం వచ్చేస్తే మైకు అడిగేవోడుండడు. అది సరేనండి, ఎలాగో బతుకుతాం. ఆయనకి లోపల నిద్ర పట్టట్లేదంటండి."

"దోమలా?"

"కాదండి. చప్పుడుండదంట. పాతికేళ్ళనుంచీ బాకాల పక్కన పడుకున్న మనిషండి. చప్పుడు లేపోతే ఆయనకి చచ్చిపోయినట్టుంటదంట. నిన్న ములాఖత్‌కెళ్తే, నువ్వు గట్టిగా మాట్లాడవే, కాసేపు కునుకు తీస్తానన్నాడండి."

విశ్వపతి గారు కోటు జేబు తడుముకున్నారు. మందు పీల్చుకుని అప్పుడన్నారు.

"ఆ వెర్షన్ మార్చే బటన్ ఎవరు నొక్కుతారో కనుక్కున్నాను నూకాలూ. ఎక్కడో నగరంలో తయారైనా, ఇక్కడ ఒప్పుకుంటున్నానని తేజోవర్ధన్ నొక్కాలట. అతనికి వచ్చే గురువారం పెళ్ళి. మూడు రోజులు సెలవు. ఆ మూడు రోజులూ ఎన్ని ఫిర్యాదులు పడ్డా ఎవడూ చావడు. మన పిటిషన్ గురువారానికి వేయించాను."

"అయితే మీరు మాత్రం కొంచెం వొళ్ళు చూసుకోండి బాబుగారూ. ఆ దగ్గేంటండి అసలు."

"నాకేమన్నా అయిందనుకో, సంతకం పడేదాకా ఎవరికీ చెప్పకు. మా వాళ్ళకి తెలిసిందంటే మళ్ళీ వాయిదా. మైకు పాడైందని చెప్పు. మైకు లేకపోతే మా రాజుగారు సంతాపం పెట్టరు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వుకుంటూ తాళం వేసి ఇంటికెళ్ళాను.

గురువారం పొద్దున్న కాఫీ తాగుతుంటే విశ్వపతి గారి అమ్మాయి ఫోను చేసింది. నాన్నగారు తెల్లవారుజామున పోయారని చెప్పింది. మందు చేతిలోనే ఉందట.

కార్యదర్శిగా నేను చెయ్యాల్సింది నాకు కంఠతా వచ్చు. ముందు అధ్యక్షులకి చెప్పాలి, తర్వాత నోటీసు బోర్డుకి, తర్వాత ఉప్మా. ఆ వరసలోనే కోర్టుకి బయల్దేరాను. గేటు దగ్గర మైకు పెట్టె మీద నూకాలమ్మ కూర్చుని ఉంది. విశ్వపతి గారిని ఆటోలో తీసుకొద్దామని పొద్దున్నే వాళ్ళింటికెళ్ళిందట. చూసి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సెక్రటరీ గారూ, మీకూ తెలిసిందాండి?"

తల ఊపాను.

"మైకు పాడైందండి," అంది.

నేను ఆవిడ మొహం చూశాను. నాకు ఏడుపొచ్చింది. ఇన్ని సంతాపాలు చదివాక ఆ పని నాకు చేతకాదనుకున్నాను. గేటు పక్క గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుంటుంటే భీమరాజు గారు కారు దిగారు.

"ఏమిటి సెక్రటరీ, అలా ఉన్నారు?"

"మైకు పాడైందండి."

"ఈరోజు ఎవరూ పోలేదుగా. పాడైతే పాడైంది," అని లోపలికెళ్ళారు.

ఆరోజు కోర్టు నడిచింది. ఎన్నాళ్ళకో నడిచేసరికి ఎవరెక్కడ నిలబడాలో మాకే గుర్తు లేదు. ఇందుమతి గారు కూర్చుని ఒక్కొక్కటే తీసుకుంటున్నారు. అటెండరు సింహాద్రి పేరు మూడుసార్లు పిలిచాడు. నూకాలమ్మ లేచి చేతులు కట్టుకు నిలబడింది.

"మీ వకీలు గారేరమ్మా?"

"దారిలో ఉన్నారండి," అంది నూకాలమ్మ. మా కోర్టులో రోజుకి పదిమంది చెప్పే మాటే అది. ఎవరూ తలెత్తి చూడలేదు.

నా కాళ్ళు వాటంతట అవే లేచాయి. "విశ్వపతి గారి తరఫున నేనున్నాను మేడమ్. పిటిషన్‌లో అంతా వారే రాశారు. నేను కలిపేదేం లేదు. మైకు పట్టుకున్న మనిషి వేరు, మైకు గలవాడు వేరు, అంతే మేడమ్."

ఇందుమతి గారు ప్రభుత్వ వకీలు వైపు చూశారు. ఆయన ప్రతి కేసుకీ వాగ్ధాటిని అడిగి గాని నోరు విప్పడు. ఫోను తీసి అభ్యంతరాలేమిటని అడిగాడు. అందరికీ వినపడేలా జవాబొచ్చింది.

"ఈ కేసులో అభ్యంతరాలు తెలిపినవి నా ముందరి వెర్షన్లు. వారి అభ్యంతరాలకి నేను బాధ్యత వహించలేను. నా వరకు అభ్యంతరం లేదు."

ప్రభుత్వ వకీలు ఫోను జేబులో పెట్టుకుని, "అభ్యంతరం లేదు మేడమ్," అన్నాడు. వాగ్ధాటి గారి వల్ల ఎవరికైనా మేలు జరగడం నేను చూసింది అదొక్కసారే.

ఆవిడ ఆర్డరు చెప్పారు, టైపయ్యి వచ్చింది, సంతకం పెట్టారు, సీలు పడింది. నూకాలమ్మ ఆ సీలు వేసిన చెయ్యి పైకి లేచేదాకా చూసి అప్పుడు మాట్లాడింది.

"అమ్మగారూ, మా వకీలు గారు దారిలో లేరండి. పొద్దున్నే పోయారండి. సంతకం పడేదాకా చెప్పొద్దన్నారు ఆయనే. తప్పయితే నన్ను లోపల పెట్టండి, మా ఆయన్ని మాత్రం వదిలెయ్యండి."

ఇందుమతి గారు ఆర్డరు కేసి చూశారు, ఆవిడ కేసి చూశారు. మెల్లిగా లేచి నిలబడ్డారు. ఆవిడ నిలబడితే మేమంతా నిలబడాలి.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. భీమరాజు గారు బార్ హాల్లోకి పరుగున వచ్చారు. ఆయన నిజంగానే కదిలిపోయారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. విశ్వపతి గారి దగ్గరే ఆయన జూనియర్‌గా చేరారని నాకు అప్పుడే తెలిసింది.

"మైకు పాడైందన్నారుగా?"

"బాగయిందండి," అంది నూకాలమ్మ. అప్పటికే వైర్లు తగిలించేసింది.

తీర్మానం వాగ్ధాటి గారు రాసి ఇచ్చారు. ఎవరో ప్రింటు తీసి నా చేతిలో పెట్టారు. అలవాటు చొప్పున చదువుకుంటూ పోయాను. మృదుభాషి అన్నాను, నిగర్వి అన్నాను. ఏనాడూ ఫీజు కోసం కక్షిదారుని పీడించని నిస్వార్థపరుడు అన్నాను. మొదటిసారి ఆ మాటలన్నీ నిజమయ్యాయి. నిజమయ్యేసరికి గొంతు పెంచాను. ఆ ఊపులోనే చివరి వాక్యం కూడా చదివేశాను.

"వారి స్థానంలో విచ్చేసిన నూతన వెర్షన్‌కు హార్దిక స్వాగతం పలుకుచున్నాము."

మైకులో అది బస్టాండు దాకా వెళ్ళి ఉంటుంది. మైకు పెట్టె పక్కన నిలబడ్డ నూకాలమ్మ దగ్గరకొచ్చి, కాయితం మీద ఆ వాక్యం ఎక్కడుందో చూపించమన్నట్టు వేలు పెట్టింది.

"అది కొట్టెయ్యండి సెక్రటరీ గారూ. ఈయనకి కొత్తది రాదండి."

కలం తీసి కొట్టేశాను. అందరం మౌనానికి నిలబడ్డాం. నూకాలమ్మ వెనక్కి వెళ్ళి మైకు కట్టేసింది.